ఏకాదశి దాకా

మా గృహప్రవేశం ఎనిమిదో అంతస్తుకీ తొమ్మిదో అంతస్తుకీ మధ్య జరిగింది. మేము కొనుక్కున్న ఫ్లాటు పధ్నాలుగో అంతస్తులో ఉంది.

ముహూర్తం తెల్లవారుజామున. ఆవుని లిఫ్టు ఎక్కించడానికి గార్డు ఒప్పుకోలేదు గాని, దూడకి అభ్యంతరం లేదన్నాడు. అందుచేత ఆ లిఫ్టులో మావారు, నేను, శాస్త్రిగారు, దేవుడి పటం, పాలగిన్నె, బూడిద గుమ్మడికాయ, దూడ, దూడని పట్టుకున్న భయ్యా, మాకు ఎదురింటావిడ కాబోతున్న ఛాయాదేవిగారు ఉన్నాం. కరెంటు పోయింది. జనరేటరు అందుకోవాలి. అందుకోలేదు. చీకట్లో దూడ తన పని తాను కానిచ్చుకుంది. అది మావారి పట్టుపంచె మీదేనని వెలుగొచ్చాక తెలిసింది.

ఛాయాదేవిగారు ఫోను వెలుగులో చేతి గడియారం చూసుకుంటూ, రైల్వే స్టేషన్లో చెప్పినట్టు, "ముహూర్తం వచ్చింది" అన్నారు. కాసేపాగి, "వెళ్ళింది" అన్నారు.

నేను ఏడుపు మొదలుపెట్టాను. సగం జీతం ఇరవయ్యేళ్ళపాటు బ్యాంకుకి రాసిచ్చి కొన్న కొంప అది.

"ఏడవకమ్మాయ్," అన్నారావిడ. "బిల్డరు మీకమ్మింది సూపర్ ఏరియానేనా?"

"అవునండీ," అన్నారు మావారు, పంచె దులుపుకుంటూ.

"లిఫ్టూ మెట్లూ వరండా వాటా కూడా కలిపే డబ్బు కట్టించుకున్నాడా?"

"కట్టించుకున్నాడండీ."

"అయితే ముహూర్తానికి మీరు మీ ఇంట్లోనే ఉన్నారు. శాస్త్రిగారూ, కానివ్వండి."

శాస్త్రిగారు కానిచ్చారు. మంత్రం మధ్యలో దూడ కూడా ఏదో అంది.

ఛాయాదేవిగారు నాకు పరిచయమైంది అలాగ. కాలం విషయంలో అంత ఉదారంగా ఉండటం ఆవిడ స్వభావం కాదని తరవాత తెలిసింది.

గడియారం చెప్పే టైము అందరి దగ్గరా ఉంటుంది. ఆవిడ చెప్పేది ఇంకో టైము. ఏటా ఉగాదికి ముందు తెనాలి నుంచి ఆవిడకి పంచాంగం వస్తుంది. అందులోని రాహుకాలాలూ దుర్ముహూర్తాలూ అక్కడి సూర్యుణ్ణి బట్టి వేసినవి. ఢిల్లీ సూర్యుడు వేరు. వేసవిలో తెనాలి సూర్యుడికంటే ముందే లేచి కూచుంటాడు. చలికాలంలో పొగమంచు కప్పుకుని ఎంతకీ లేవడు. కాబట్టి తెనాలి లెక్కని ఢిల్లీకి సర్దాలి. పప్పులోకి పోపు వేస్తూ ఛాయాదేవిగారు ఆ లెక్క మనసులోనే సర్దేసేవారు. మా ఘాజియాబాద్ సొసైటీ వాళ్ళే కాదు, ఫరీదాబాద్ నుంచి కూడా ఫోన్లు. కొత్త కారు తెచ్చుకునేవాడూ, ముఖర్జీ నగర్ గదుల్లో పుస్తకాలు కరిచిపట్టుకుని సివిల్స్‌కి చదివే పిల్లలూ, "ఆంటీ, ఎన్నింటికి బయల్దేరమంటారు?" అనేవాళ్ళే. నేనూ ఒకసారి బ్యూటీ పార్లరుకి దుర్ముహూర్తం అడిగి తిట్లు తిన్నాను.

నిమిషం కూడా ఇటూ అటూ జరగనిచ్చేవారు కారు. "నాలుగు నిమిషాలేగా ఆంటీ," అని ఎవరన్నా నసిగితే, "నాలుగు నిమిషాల ముందు రైల్లోంచి దూకి చూడు, ఊరొచ్చిందేమో," అనేవారు.

"తిథిని మటుకు సర్దక్కర్లేదమ్మాయ్," అని నాకు పాఠం చెప్పేవారు. "అది చంద్రుడి లెక్క. అర్ధరాత్రి దాకా ఆగదు, పట్టపగలు అన్నం తింటుంటే మారిపోతుంది. మారిందంటే తెనాల్లోనూ ఢిల్లీలోనూ ఒకే క్షణంలో మారుతుంది. దానికి మొహమాటాల్లేవు."

భర్త సదాశివరావుగారు చేతికి గడియారమే పెట్టుకునేవారు కాదు. "ఇంట్లో ఒకటుంది కదమ్మా, మాట్లాడుతుంది కూడా," అనేవారు నాతో. ఏదో మంత్రిత్వ శాఖలో జీవితమంతా ఫైళ్ళు తిప్పి రిటైరైన మనిషి. జనవరిలో బాల్కనీలో ఎండ కోసం కుర్చీ వేసుకుని కూచుని, "ఢిల్లీ సూర్యుడు కూడా సెంట్రల్ గవర్నమెంటేనమ్మా రేవతీ. పదింటికొస్తాడు, నాలుగింటికి సర్దుకుంటాడు," అనేవారు.

ఆయనకి వచ్చిన విద్యల్లోకెల్లా గొప్పది ఆగడం. ఆర్కే పురం క్వార్టర్సులో ఉన్న రోజుల్లో కొడుకు క్రాంతి స్కూలు బస్సు ఏనాడూ వేళకి వచ్చేది కాదట. వానైనా వడగాలైనా ఆయన గొడుగు పట్టుకుని వేపచెట్టు కింద నిలబడేవారట. మిగతా తండ్రులు గొణుక్కుని, గడియారాలు చూసుకుని, ఇళ్ళకి పోయి మళ్ళీ వచ్చేవారు. ఈయన మటుకు అక్కడే. క్రాంతి పెద్దవాడై గుడ్‌గావ్‌లో ఉద్యోగమూ కాపురమూ పెట్టాక, ఆదివారం భోజనానికి వస్తూ ట్రాఫిక్‌లో ఇరుక్కునేవాడు. ఎదురింట్లో జరిగే సంభాషణ మా ఇంట్లోకి వినిపించేది.

"చల్లారిపోతున్నాయండీ."

"వాడొస్తాడు కదా."

"మూడోసారి వేడిచేశాను. మీరన్నా తినండి."

"వాడొస్తాడు కదా, ఛాయా."

ఆవిడకి నిమిషం దాటితే ఊపిరాడేది కాదు. ఆయనకి గంట దాటినా ఏమీ అనిపించేది కాదు. ఇద్దరూ ఒకే ఇంట్లో నలభయ్యేళ్ళు ఎలా వేగారో దేవుడికే తెలియాలి.

ఆయన పోయి మూడేళ్ళు.

మనకింకా ఆషాఢ బహుళం నడుస్తుంటే ఇక్కడివాళ్ళకి సావన్ వచ్చేస్తుంది. హరిద్వార్ నుంచి కావళ్ళలో గంగనీళ్ళు మోసుకొచ్చే భక్తులతో ఘాజియాబాద్ రోడ్లు కాషాయం కట్టుకుంటాయి. సగం రోడ్లు మూసేస్తారు. మిగతా సగంలో ఢిల్లీ అంతా ఇరుక్కుంటుంది. సరిగ్గా ఆ రోజుల్లో సదాశివరావుగారికి గుండె ఆగినంత పనై ఆసుపత్రిలో చేర్చాం. నోట్లో గొట్టం, పక్కన మెషీను. రాత్రంతా కాపలా ఉన్న క్రాంతిని, ఇప్పటికి ఫరవాలేదని డాక్టర్లు చెప్పాక, ఛాయాదేవిగారే పొద్దున గుడ్‌గావ్ పంపేశారు. "స్నానం చేసి, కాస్త పడుకుని రా."

మధ్యాహ్నం మళ్ళీ విషమించింది, కబురు చేయాల్సి వచ్చింది. మెట్రో ఎక్కుంటే వైశాలిలో దిగి నడిచి వచ్చేసేవాడు. తొందరలో కారు తీశాడు.

లోపలికి ఒక్కరినే పంపుతారు. నేను బయట బెంచీ మీద కూచున్నాను. తలుపుకి చిన్న అద్దం. కాసేపటికి ఛాయాదేవిగారు బయటికొచ్చారు. మొహం మామూలుగానే ఉంది. 

"రేవతీ, టైమెంతయింది?" అన్నారు.

ఆవిడ చేతికి గడియారం ఉంది. ఆవిడ నన్ను టైమడగడం, నేను చెప్పడం, అదే మొదటిసారి. చెప్పాను.

"ఇంకా దశమే," అన్నారు.

అంతే. నాకు అర్థం కావడానికి కాస్త వ్యవధి పట్టింది. అర్థమయ్యాక లేచి నిలబడ్డాను, ఎందుకో తెలియదు, పెద్దవాళ్ళు వస్తే లేచినట్టు.

లోపల్నుంచి నేహా అనే చిన్న డాక్టరమ్మ వచ్చింది. ఏదో చెప్పబోయింది. ఛాయాదేవిగారు ఆ పిల్ల చెయ్యి పట్టుకున్నారు. "బేటా, మేరా బేటా రాస్తే మే హై." కొడుకు దారిలో ఉన్నాడని.

డాక్టరమ్మ ఆవిణ్ణి చూసింది, నన్ను చూసింది. "ఆంటీజీ, మెషీన్ చల్నే దేతీ హూఁ. లేకిన్ అంకుల్ తో..." మెషీను ఆపనంది గాని, అంకుల్ సంగతి నోటితో అనలేకపోయింది.

"పతా హై బేటా," తెలుసన్నారు ఛాయాదేవిగారు.

తరవాత నేను అద్దంలోంచి చూసింది చెబుతాను. డాక్టరమ్మ అంకెలు కనబడే తెరని గోడవైపు తిప్పేసింది. ఛాయాదేవిగారు స్టూలు లాక్కుని కూచుని, ఆయన చేతిని తన రెండు చేతుల్లోకీ తీసుకున్నారు. జనవరి పొద్దున్నే ఆయన పాలపాకెట్లు పట్టుకుని గడ్డకట్టిన చేతులతో వస్తే రాచేవారు చూడండి, అలా రాస్తున్నారు. వేళ్ళు, అరచెయ్యి, మణికట్టు. మళ్ళీ వేళ్ళు. మెషీను ఆయన ఛాతీని పైకెత్తి కిందికి దించుతోంది.

క్రాంతి నాకు ఫోన్ మీద ఫోన్. "ఆంటీ, ఆశ్రమ్ దగ్గరున్నా. నాన్నెలా ఉన్నారు?" "రా నాన్నా." "ఆంటీ, అక్షరధామ్. బండి ఇంచ్ కూడా కదలట్లేదు. పాపా ఠీక్ హై నా?" "నువ్వు రా నాన్నా." దోవలో కావళ్ళ డప్పులు ఫోన్లో వినిపిస్తున్నాయి. నిమిషాలు అంత పొడుగ్గా ఉంటాయని అప్పటిదాకా నాకు తెలియదు. సీరియల్లో ప్రకటనలొస్తేనే విసుక్కునే మనిషిని.

మధ్యలో ఒకసారి ఛాయాదేవిగారు తలెత్తి గోడ గడియారం వంక చూశారు. దశమి వెళ్ళిపోయిందని నేను పంచాంగం చూడకుండానే గ్రహించాను. ఆ రోజు లిఫ్టులో ముహూర్తం వెళ్ళినట్టే వెళ్ళింది. ఈసారి ఎవరూ పైకి చెప్పలేదు.

క్రాంతి వచ్చాడు. బూట్లనిండా బురద. ఎక్కడో కారు వదిలేసి పరిగెత్తుకొచ్చాడట. ఆవిడ లేచి, తన చేతుల్లోని చేతిని అలాగే, జారిపోకుండా, వాడి చేతిలో పెట్టారు. నిద్రపోతున్న పసిపిల్లని ఒకరి ఒళ్ళోంచి ఒకరి ఒళ్ళోకి మార్చినట్టు.

"నాన్నా, నేనొచ్చా. సారీ నాన్నా, జామ్ థా," అంటున్నాడు వాడు. ముప్ఫై దాటిన మగాడు, స్కూలు బస్సు దిగిన గొంతుతో.

కాసేపటికి డాక్టరమ్మ వచ్చి చూడాల్సినవన్నీ చూసి, మంచం చుట్టూ పరదా లాగి, మెల్లగా టైము చెప్పింది. అదే రాసుకున్నారు.

క్రాంతి బయటికొచ్చి నన్ను పట్టుకుని ఏడ్చాడు. "ఆంటీ, చెయ్యి వెచ్చగా ఉంది. హాథ్ గరమ్ థా. నాన్న నా కోసం ఆగారు ఆంటీ."

"అవును నాన్నా," అన్నాను. ఇంకేమంటాను?

కర్మ చేయించడానికి వచ్చిన శాస్త్రిగారు ముందు అడిగేది తిథే. పోయిన క్షణానికి ఏ తిథి ఉందో, ఏటా తద్దినం ఆ తిథికే పెట్టాలి. ఆ రోజు పితృదేవతలు మన గుమ్మంలోకి వస్తారని నమ్మకం. మీరు నమ్మినా నమ్మకపోయినా ఛాయాదేవిగారు నమ్ముతారు. ఆసుపత్రివాళ్ళు చెప్పిన టైము క్రాంతి చెప్పాడు. శాస్త్రిగారు పంచాంగం తీయబోయి, ఆవిడ ఉండగా ఎందుకని, ఆవిడ వంక చూశారు.

ఆవిడ కొడుకు వంక చూశారు. క్రాంతి నెత్తిమీద జుట్టు లేదు, కళ్ళకింద నలుపు, అయినా వాడి మొహంలో ఒక మూల ఏదో దీపంలాంటిది ఉంది. నాన్న ఆగారు అనే మాట అది.

"ఏకాదశే," అన్నారు ఛాయాదేవిగారు.

వచ్చినవాళ్ళందరూ ముక్కున వేలేసుకున్నారు. ఏకాదశి మరణం, ద్వాదశి దహనం! ఎంత పుణ్యం చేసుకుంటే దొరుకుతుంది! ఆవిడ తల ఊపుతూ విన్నారు. నేను ఆ పూట నా చేతి గడియారం తీసి బ్యాగులో వేసుకున్నాను.

తరవాత ఫోన్లు మానలేదు, ఆవిడ చెప్పడమూ మానలేదు. ఒక్కటే తేడా. "ఓ పావుగంట అటూ ఇటూ అయినా కొంప మునగదులే," అంటున్నారు. విన్నవాళ్ళు ఆంటీకి వయసు మీదపడిందనుకుంటున్నారు.

ఇంకోటి. తద్దినానికి ముందురోజు, అంటే దశమి నాడు, మా బాల్కనీలోంచి చూస్తే ఆవిడ బాల్కనీలో పావురాలు రాకుండా కట్టిన వల పక్కకి తొలగి ఉంటుంది. గోడ మీద ఆకుముక్క, దాని మీద అన్నం ముద్ద, చెంచాడు నెయ్యి. మా అంతస్తుకి కాకులు ఎగిరి రావు. పావురాలే. మొదటి ఏడాది తెలియక అడిగాను, "తద్దినం రేపు కదా పిన్నిగారూ?"

"రేపే."

"మరిదేమిటి?"

"పావురాలకి," అన్నారు.

పావురాలకి నెయ్యెందుకని అడగలేదు. తన రోజున వచ్చి, గుమ్మంలో ఎవరూ పిలవక, గొడుగు పట్టుకుని నిలబడే మనిషి ఒకడు నాకూ కనిపించాడు.

ఈ ఏడు సదాశివరావుగారి అక్కగారు నాగమల్లేశ్వరిగారు తెనాలి నుంచి వచ్చారు. ఎనభై దగ్గరపడ్డా గొంతుకి మోకాళ్ళ నొప్పి లేదు. మెట్రో ఎక్కి క్రాంతీ, వాడి భార్య సాత్వికా ముందురోజు సాయంత్రమే వచ్చేశారు. ఇప్పుడు వాడు ఈ వైపుకి కారులో రాడు.

కూరగాయలు తెచ్చుకుని లిఫ్టులోంచి దిగుతుంటే క్రాంతి వరండాలో నా కోసమే ఉన్నట్టున్నాడు.

"ఆంటీ, ఒక్క మాట. నా ఫ్రెండొకడు డాక్టర్. వాడన్నాడు, వెంటిలేటర్ పెడితే మనిషి లేకపోయినా ఛాతీ కదుల్తుందట." ఆగాడు. "మానిటర్ కూడా అటు తిప్పి ఉంది కదా, నాకిప్పుడు గుర్తొస్తోంది. ఆప్ తో వహీఁ థీ ఆంటీ, అక్కడే. నేనొచ్చేసరికి నాన్న ఉన్నారు కదా?"

దిగిన లిఫ్టుకి మళ్ళీ బటన్ నొక్కాను. ఎక్కడికి వెళ్దామనుకున్నానో తెలియదు. చేతిలో సొరకాయ ఉంది.

"నేను బయట బెంచీ మీద ఉన్నా కదరా. లోపల ఉన్నది మీ అమ్మ. అమ్మనడుగు."

"అమ్మనెలా అడగను?" అన్నాడు. "ఇన్నాళ్ళూ ఆ ఒక్క మాట పట్టుకునే ఉన్నా ఆంటీ. అది కూడా కాదంటే... నేనింకా ఆ కారులోనే ఉండిపోతాను. అక్షరధామ్ దగ్గర. కళ్ళు మూసుకుంటే అదే, బండి కదలదు."

లిఫ్టు వచ్చింది, తలుపు తెరిచింది, ఎవరూ ఎక్కలేదని మూసుకుంది.

వాడు మొహం కడుక్కోవడానికి వెళ్ళాక నేను వాళ్ళ వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్ళాను. ఛాయాదేవిగారు మర్నాటి గారెలకి మినప్పప్పు ఏరుతున్నారు.

"పిన్నిగారూ, క్రాంతి..."

"విన్నాను. తలుపు తీసే ఉంది."

ఏరిన పప్పునే మళ్ళీ ఏరారు.

మర్నాడు ఏకాదశి. ఢిల్లీలో భోక్తలు దొరకడమే గగనం, ఏకాదశి ఉపవాసాల నాడైతే మరీను. ఫరీదాబాద్ నుంచి ఒకాయన, ఆయన బతిమాలి తెచ్చిన ఇంకొకాయన, కావళ్ళ జనంలోంచి ఎలాగో ఈదుకుంటూ వచ్చారు. తద్దినం జరిగింది. భోక్తలు తిని, తాంబూలాలు పుచ్చుకుని వెళ్ళారు. ఇంటివాళ్ళకి ఆకులు వేశారు. మడి కట్టుకునే అర్హత లేని ఎదురింటిదాన్ని కనక నేను హాల్లోనే ఓ మూల నాగమల్లేశ్వరిగారికి అరటిపళ్ళూ బొప్పాయీ కోసిపెడుతున్నాను. ఆవిడ పుట్టి బుద్ధెరిగాక ఏకాదశి నాడు అన్నం ముట్టలేదు. పితృశేషం తినలేనివాళ్ళు వాసన చూస్తే చాలని శాస్త్రమట. సాత్విక గిన్నెలో రెండు గారెలు పెట్టి ఆవిడ ముక్కు దగ్గర పట్టుకుంది.

ఆవిడ కళ్ళు మూసుకుని గట్టిగా పీల్చారు. కళ్ళు తెరిచారు. బొప్పాయి ముక్కలు చూసుకున్నారు. ఇక ఓపిక పట్టలేకపోయారు.

"ఏమే ఛాయా! ఊరందరికీ ఘడియలు చెబుతావు, నీ మొగుడి విషయంలో ఒక్క పూట ముందు చూసుకోలేకపోయావుటే? దశమి నాడు పోయుంటే ఏడాదికోసారి నా తమ్ముడి పేరు చెప్పుకుని నాలుగు గారెలు తినేదాన్ని. ఏకాదశి అని పేరు పెట్టి ముసలిదాని నోరు కట్టేసి పోయాడు! దేనికీ తొందరపడని వెధవ, ఆ ఒక్కరోజు తొందరపడితే వాడి సొమ్మేం పోయింది?"

సాత్విక నవ్వబోయి మానేసింది. ఆకు ముందు కూచున్న క్రాంతి చెయ్యి గారె మీద ఆగింది. వాడు తలెత్తి తల్లి వంకే చూస్తున్నాడు. నా కత్తి బొప్పాయిలో సగం దిగి నిలిచిపోయింది.

ఛాయాదేవిగారు వంగి కొడుకు ఆకులో పెరుగుపచ్చడి వేసి, గరిట గిన్నెలో పెట్టి, అప్పుడన్నారు.

"కొడుకు దారిలో ఉన్నాడు వదినగారూ, వాడొచ్చేదాకా ఆగారు."